అప్పలరాజు ఉన్నట్టా, లేనట్టా

2022 వేసవి. అప్పటికి మాస్కులు మొహాల మీద నుంచి గడ్డాల కిందకు జారిపోయాయి. అనకాపల్లిలో రైల్వే స్టేషనుకు వెళ్లే రోడ్డులో, ఒక జిరాక్స్ షాపు మేడ మీద ఉన్న గది నా ఆఫీసు. ఒక టేబులు, కంప్యూటరు, వచ్చినవాళ్లు కూర్చోడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు. గది వెనక ఇంకో గది ఉంది. మా ఆవిడ పోయాక ఇల్లు అద్దెకిచ్చేసి నేను ఆ వెనక గదిలోనే ఉంటున్నాను.

సైన్యంలో నేను తుపాకీ కంటే టైపు మిషన్నే ఎక్కువగా పట్టుకున్నాను. క్లర్కుగా చేరి, ఎక్కువ కాలం రికార్డ్ ఆఫీసులో పనిచేసి, సుబేదారుగా రిటైరయ్యాను. జవాను ఎక్కడ తిరిగినా అతని కాగితాలు చివరికి చేరే చోటు రికార్డ్ ఆఫీసు. చేరిన రోజున తెరిచే పత్రాన్ని షీట్ రోల్ అంటారు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు, పెళ్లయిందా లేదా, ఏదైనా జరిగితే ఎవరికి కబురు చెయ్యాలి, ఇవన్నీ అందులో ఉంటాయి.

ఊరికొచ్చాక మాజీ సైనికులకు పింఛను పనులు చేసిపెట్టేవాణ్ని. కొన్నాళ్లకు ఇంకో రకం మనుషులు రావడం మొదలైంది. "మా తాత బర్మా యుద్ధానికెళ్లాడట, ఏ పటాలమో తెలుసుకోవచ్చా?" "మా మావయ్య చైనా యుద్ధంలో పోయాడు, ఎక్కడ పోయాడో చెప్పగలరా?" వీళ్లకు పింఛను అక్కర్లేదు. తమ ఇంటి మనిషి గురించి నాలుగు మాటలు కావాలి. ఆ పని నాకు నచ్చింది. ఖాళీ గదిలో సాయంత్రాలు గడిచేందుకు అదొక దారి కూడా.

నూకరత్నం అలా వచ్చిన మనిషే. ఎస్. రాయవరం మండలంలో ఒక పల్లె ఆమెది. యాభై దాటిన వయసు. ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతుంది. మెట్లెక్కి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"మా నాన్న బతికున్నాడో సచ్చిపోయేడో తెలవాలి బాబూ," అంది.

"ఎప్పట్నించి కనబడటం లేదమ్మా?"

"నాను కడుపులో ఉండగా పట్టాళంలోకి ఎల్లేడంట. ఆ తరవాత యుద్ధమొచ్చింది. మరి రాలేదు."

అంటే డెబ్బై ఒకటి యుద్ధం. ఇన్నేళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకు వచ్చావని అడిగాను. అప్పుడు కూర్చుంది. వాళ్లమ్మ మంగమ్మ అంతకు ముందు ఏడాది కరోనాలో పోయింది. ఏడాది తిరిగాక సంవత్సరీకం పెట్టడానికి పంతులుగారిని పిలిచింది.

"పంతులుగోరు పీట మీద కూకుని, నీ తండ్రి ఉన్నాడా లేడా అని అడిగేరు బాబూ. తెలీదన్నాను. ఉన్నట్టో లేనట్టో తెలీకుండా మంతరం ఎలా సెప్పేదమ్మా అన్నారు. ఏదో సేసి లేసిపోయేరు. మా అమ్మ రోజూ బొట్టెట్టుకుంది. పువ్వులెట్టి, పసుపు రాసి సాగనంపేం. అది తప్పో ఒప్పో నాకు తెలవాల గదా. పై ఏటికైనా తెలవాల."

ఊళ్లో వాళ్ల నాన్న అప్పలరాజు గురించి ఒకటే మాట. పటాలం నుంచి పారిపోయి, పంజాబు వైపు ఎవరినో కట్టుకుని ఉండిపోయాడని. చిన్నప్పట్నించీ ఆమెను పారిపోయినోడి కూతురనే అన్నారు. వచ్చిన రెండు సంబంధాలూ ఆ మాట మీదే తప్పిపోయాయి. ఆ తరువాత తల్లీకూతుళ్లిద్దరే ఉన్నారు. ఇప్పుడు ఒక్కతే.

"నాన్న తరఫు వాళ్లెవరూ లేరా?"

"మా పెదనాన్న సింహాద్రి ఉన్నాడు. అదే ఈధి. మాకు మాటల్లేవు."

ఎందుకని నేను అడగలేదు. ఇళ్లలో మాటలు లేకపోవడం కొత్త సంగతి కాదు.

ఆమె దగ్గరున్నది ఒక్క ఫొటో. ట్రైనింగు అయ్యాక తీయించుకుని ఇంటికి పంపినది. సన్నగా, చెవులు కాస్త ముందుకు వచ్చిన కుర్రాడు, కొత్త యూనిఫాంలో బిగుసుకుపోయి నిలబడ్డాడు. టోపీ మీది బ్యాడ్జి భూతద్దంతో చూస్తే రెజిమెంటు తెలిసింది. ఆ రెజిమెంటు రికార్డ్ ఆఫీసుకు అర్జీ తయారుచేసి, ఆమెతో వేలిముద్ర కాదు, సంతకమే పెట్టించాను. ఒక్కో అక్షరం గట్టిగా ఒత్తి రాసింది.

జవాబు వర్షాలు తగ్గాక వచ్చింది. ఆ ఊరి అప్పలరాజు యుద్ధంలో చనిపోయినవారిలో లేడు. వేరే కాగితాలేవీ దొరకలేదు.

ఈ జవాబుకు అర్థం ఆమెకు చెప్పాల్సి వచ్చింది. పింఛను లేకుండా మధ్యలో బయటికొచ్చేసిన వాళ్ల కాగితాలు కొంతకాలం ఉంచి తరువాత నాశనం చేస్తారు. దాన్ని వీడింగ్ అంటారు. పొలంలో కలుపు తీసినట్టు, అక్కర్లేనివి తీసేయడం. యుద్ధంలో పోయినవాళ్ల కాగితాల జోలికి మాత్రం వెళ్లరు. కాబట్టి చనిపోయి ఉంటే పేరు దొరకాలి. దొరకలేదు.

నూకరత్నం అంతా విని చీర కొంగు వేలికి చుట్టుకుంది. "అంతే బాబూ. పారిపోయేడనే గదా."

"అలా అని కూడా రాయలేదమ్మా."

"రాయకపోతే ఏటి. ఊరోళ్లు ముందే రాసేసేరు."

ఫొటో నా టేబులు మీదే వదిలేసి వెళ్లింది. మర్చిపోయిందనుకుని మెట్ల దాకా వెళ్లి పిలిచాను. వెనక్కి చూసి, "మీ కాడే ఉండనీండి. ఇంట్లో ఆ మొహం సూడలేను," అంది.

ఆ ఫొటో కొన్ని నెలలు నా టేబులు మీదే ఉంది. భోజనం చేస్తుంటే ఎదురుగా ఆ కుర్రాడు. నాకు కొత్తేమీ కాదు, రికార్డ్ ఆఫీసులో ఇలాంటి మొహాలు ఎన్నో చూశాను. కానీ పారిపోయే మనిషి ట్రైనింగు అవగానే ఫొటో తీయించుకుని పెళ్లానికి పంపుతాడా అన్న ఆలోచన మాత్రం వదల్లేదు.

చలికాలంలో విశాఖపట్నంలో ఒక పాత జవాను గురించి తెలిసింది. పేరు పోలయ్య, శ్రీకాకుళం వైపు మనిషి. అదే రెజిమెంటు, డెబ్బై ఒకటిలో తూర్పు సరిహద్దు దాటి వెళ్లిన వాళ్లలో ఒకడు. ఫొటో జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

పోలయ్య గారికి కంటి ఆపరేషనై ఎంతో కాలం కాలేదు. ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"సింహాద్రి! ఇది మా సింహాద్రి గదా. నీకెక్కడిది ఇది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. "కాదండీ. ఈయన పేరు అప్పలరాజు."

"ఎవరు సెప్పేరు నీకు? ఈడి సితికి నిప్పెట్టినోణ్ణి నాను. ఈణ్ణి నాను గుర్తుపట్టనా?"

ఆయన మంచం మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. నది దాటాల్సి వచ్చింది. వంతెన లేదు. ముందు ఒకడు మోకు పట్టుకుని ఈదుకుంటూ అవతలికి వెళ్లి కట్టాలి. అప్పుడు మిగతావాళ్లు ఆ మోకు పట్టుకుని దాటతారు. ఎవరికి ఈత వచ్చని ఆఫీసరు అడిగితే ఇతను చేయెత్తాడు. మా ఊరి ఏట్లో వరదలప్పుడే ఈదాను సాబ్ అన్నాడట. అవతలికి చేరాడు. మోకు చెట్టుకు కట్టాడు. వెనక్కి తిరిగి చేయి ఊపాడు. అప్పుడు తగిలింది గుండు.

"ఆ మోకు పట్టుకునే మేమందరం దాటేం," అన్నాడు పోలయ్య. "ఆ పూట తెలుగోణ్ణి నానొక్కణ్ణే ఉన్నాను. కొరివి నానే ఎట్టేను. ఈడి వోళ్లెవరైనా వత్తారేమోనని సేనాళ్లు సూసేను. రెజిమెంటు సెంటరుకి ఎవరూ రాలేదు. ఎవరూ లేనోడేమో అనుకున్నాను."

"ఆయనకు భార్య ఉంది. కూతురు పుట్టింది."

పోలయ్య ఫొటోను మళ్లీ కిటికీ వెలుగుకు తిప్పాడు. "మాకెప్పుడూ సెప్పలేదే. పెళ్లి కాలేదనే అనేవోడు."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను గాని బయట ఏమి పోయిందో చూడలేదు. అప్పలరాజు తన అన్న సింహాద్రి పేరుతో చేరాడు. సింహాద్రికి అప్పటికి పెళ్లి కాకపోయి ఉంటే ఇతనూ పెళ్లి కానట్టే చెప్పాలి. అన్న సర్టిఫికెట్టుతో తమ్ముడు చేరడం ఆ రోజుల్లో నేనూ విన్నదే. కబురు చెయ్యాల్సిన మనిషిగా తండ్రి పేరు రాయించి ఉంటాడు. నెక్స్ట్ ఆఫ్ కిన్ అంటారు ఆ మనిషిని. అంటే చావు కబురు ఆ ఇంటికి వచ్చే ఉండాలి. ఒక మనిషి చనిపోయాడని, అదే పేరున్న మనిషి ఆ ఇంట్లో బతికి ఉండగా.

నూకరత్నాన్ని రమ్మన్నాను. ముందు నది సంగతి చెప్పాను. ఆమె ఏడవలేదు. "మోకు కట్టేకే సచ్చిపోయేడా?" అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. తరువాత ఏ పేరు మీద చనిపోయాడో చెప్పాను.

ఆమె లేచి కొంగు నడుముకు దోపుకుంది.

"మీరు కూడా రండి బాబూ. నానొక్కద్దాన్నీ ఎల్తే గొంతు లెగదు."

మేము వెళ్లేసరికి సింహాద్రి అరుగు మీద ఒక్కడే కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తున్నాడు. ఎనభైకి దగ్గరి మనిషి. భార్య పోయింది, కూతురిని రాంబిల్లి వైపు ఇచ్చాడు. తమ్ముడి కూతురు తన అరుగు ఎక్కడం చూసి చేతిలో చింతపండు కింద పెట్టాడు.

"పెదనాన్నా," అంది ఆమె. "మా నాన్న నీ పేరెట్టుకుని పట్టాళంలో సేరేడా?"

ఆయన నా వైపు తిరిగి, "ఈ బాబు పోలీసోడా?" అని అడిగాడు.

"కాదండీ. కాగితాలు వెతికిపెట్టేవాణ్ని."

"పోలీసోడనుకున్నాను. ఎప్పుడో ఓనాడు వత్తారనుకుంటానే ఉన్నాను." చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "కూకోమ్మా రత్నం."

ఆమె కూర్చోలేదు. ఆయన నేల వైపు చూస్తూ చెప్పాడు.

"ఆడికి సదువు లేదు, పశువుల కాడ పెరిగేడు. ఎనిమిది సదివిన సర్టికేట్టు నాకుంది. అన్నా, ఆ కాయితం ఇవ్వు, పని అవగానే తెచ్చి ఇచ్చెత్తానన్నాడు. ఇచ్చేను. సేరేక పోస్టులో తిరిగి పంపేసేడు. ఇలాగవుద్దని నాకేటి తెలుసు? ఏడాది దాటేక టెలిగ్రాం వచ్చింది, నాను సచ్చిపోయేనని. మా నాన్న పోస్టుమేను సేత సదివించుకుని ఇంటికొచ్చేడు. నన్ను సూసేడు. నన్ను సూత్తానే ఏడిసేడు. నాను ఎదురుగా బతికే ఉన్నాను. ఎవరి కోసం ఏడుత్తన్నాడో ఎవరికీ సెప్పడానికి లేదు."

"మా అమ్మకి సెప్పొచ్చు గదా."

"దొంగ పేరుతో సర్కారుని మోసం సేసేరని ఇంటిల్లిపాదినీ జైల్లో ఎడతారని ఎవరో భయపెట్టేరు. నాకు అప్పుడే చెరుకు మిల్లులో పనొచ్చింది. అదీ ఆ సర్టికేట్టు మీదే. పట్టాళం నుంచి వచ్చిన కాయితాలన్నీ నాన్న పొయ్యిలో ఎట్టేసేడు. దేనికీ బదులు రాయలేదు. మీ అమ్మకి సెప్తే ఏడుత్తాది. ఏడిత్తే ఊరంతా ఇంటాది. సద్దుమణిగేక సెబుదాం అనుకున్నాం. ఇంతలో నువ్వు నడిసేవు. మాటలొచ్చేయి. మీ అమ్మ రోజూ పొద్దుటే బొట్టెట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. ఆ బొట్టు సూసేక నా నోరు పెగల్లేదమ్మా. ఆ మొహం సూడలేకే ఏరు కాపరం ఎట్టేసేను."

"పారిపోయేడని ఊరంతా అంటంటే నువ్వు ఇన్నావు."

"ఇన్నాను."

"నన్ను అంటంటే ఇన్నావు."

ఆయన తల ఊపాడు. పైకి చూడలేదు. నూకరత్నం తిడుతుందేమో, చేతికి దొరికింది విసురుతుందేమో అనుకున్నాను. ఆమె అరుగు దిగి వీధిలో నిలబడి అంది:

"వచ్చే తద్దినానికి ఊరోళ్లని పిలుత్తాను. అందరూ ఇనేటట్టు నువ్వే సెప్పాల."

ఆమె వెళ్లిపోయాక ముసలాయన నన్ను ఆపాడు. "ఇప్పుడు జైల్లో ఎడతారా బాబూ?"

"ఇప్పుడు ఎవరూ రారండీ," అన్నాను. అప్పుడు కూడా ఎవరూ వచ్చేవారు కాదేమో అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఒక మనిషి తన బతుకంతా ఒక భయాన్ని కాపలా కాసుకుంటూ కూర్చున్నాడు. అవతల ఏమీ లేదని ఇప్పుడు చెప్పి ఏం లాభం?

ఆ తరువాతి వారం సింహాద్రి తనంతట తానే బస్సెక్కి అనకాపల్లి వచ్చాడు. నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాం. చెప్పేది నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టే పత్రం అది. తమ్ముడు అప్పలరాజే తన పేరుతో సైన్యంలో చేరాడని, చనిపోయింది అతనేనని, అతనికి మంగమ్మ అనే భార్య, నూకరత్నం అనే కూతురు ఉన్నారని. పోలయ్య గారు కూడా తాను చూసింది రాసిచ్చాడు. అన్నీ జతచేసి, ఈసారి సింహాద్రి పేరు మీద వెతకమని రికార్డ్ ఆఫీసుకు పంపాను.

మంగమ్మ తద్దినానికి నేనూ వెళ్లాను. పోలయ్య గారు విశాఖపట్నం నుంచి తెల్ల చొక్కాకు మెడల్స్ తగిలించుకుని వచ్చాడు. అమ్మను ముత్తయిదువగా పంపడం తప్పా అని నూకరత్నం అడిగితే, పంతులుగారు, "ఆవిడకు తెలిసింది ఆవిడతో వెళ్లిందమ్మా. ఈవేళ ఇద్దరి పేర్లూ కలిపి చెబుతాను," అన్నారు. చెప్పారు.

విస్తళ్లు వేసే ముందు సింహాద్రి లేచి నిలబడ్డాడు. దాచకుండా అంతా చెప్పాడు. పోలయ్య నది సంగతి చెప్పాడు. ఒకరిద్దరు పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. "అయితే పారిపోలేదన్న మాట," అన్నాడొకడు. "అవును, పారిపోలేదు," అన్నాడు పక్కవాడు. తరువాత వడ్డన మొదలైంది. కాసేపటికి చెరుకు బిల్లుల సంగతులు, మిల్లు తెరుస్తారా లేదా అన్న సంగతులు వచ్చాయి. ఆ ఆడమనిషి బతుకును వంచేసిన మాట ఒక భోజనం పూటలో తీరిపోయింది. నూకరత్నం నెయ్యి గిన్నె పట్టుకుని వరస వెంబడి వంగి వడ్డిస్తోంది. పెదనాన్న విస్తరి దగ్గరా ఆగింది, వడ్డించింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు.

కొన్ని నెలలకు రికార్డ్ ఆఫీసు నుంచి షీట్ రోల్ నకలు వచ్చింది. సింహాద్రి పేరుతో అది భద్రంగానే ఉంది. నూకరత్నం వచ్చి, ఒక్క మాట కూడా వదలకుండా చదవమంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ పోయాను. ఎత్తు, ఛాతీ, కంటి రంగు. ఈత వచ్చు. పెళ్లి కాలేదు.

"మా అమ్మ పేరు ఇందులో లేదా?"

"లేదమ్మా."

"నాను?"

"మీరు అప్పటికి పుట్టలేదు." ఆ మాట సరిపోదని నాకు తెలుసు. "తరువాత కూడా రాయలేదు."

ఆమె కాగితం వైపే చూస్తూ కూర్చుంది. సాయంత్రం బళ్ల చప్పుడు కింద రోడ్డు మీద నుంచి వస్తోంది. ఇంత వెతికించి, ఇంత కాలం ఎదురుచూసి తెప్పించుకున్న కాగితంలో ఆమెకు చోటు లేదు. పేరు సరిచేయమని మేము పెట్టిన అర్జీ పరిశీలనలో ఉందన్నారు. ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

"ఇంకేటి రాసేరు?"

"గుర్తులు రాశారు. ఎడమ మోచెయ్యి కింద పాత కాలిన మచ్చ."

ఆమె తల ఎత్తింది. "మచ్చుందా? మా అమ్మ ఎప్పుడూ సెప్పలేదు. ఎలాగయ్యిందంట?"

"అది రాయరమ్మా. మచ్చ ఎక్కడుందో రాస్తారు. ఎలా అయిందో అడగరు."

నకలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఇన్నాళ్లూ నా దగ్గరున్న ఫొటో కూడా అడిగి తీసుకుంది. మెట్ల దగ్గర ఆగి, "పెదనాన్నకి తెలిసుంటాది," అంది.

చీకటి పడుతుండగా ఫోను చేసింది. "బాబూ, సిన్నప్పుడు బెల్లం పాకం పడిందంట. పెదనాన్న మా నాన్నని ఎత్తుకుని ఏటి దాకా పరిగెట్టేడంట. నీళ్లలో సెయ్యి ముంచి పట్టుకుని కూకున్నాడంట, ఏడుపు ఆగేదాకా. ఇంకా సెబుతన్నాడు బాబూ. నాను మళ్లీ సేత్తాను."

మళ్లీ చేయలేదు. చేయనందుకు నాకు సంతోషమే వేసింది.

ఆ కేసు తరువాత నా పని పద్ధతి మారింది. ఇదివరకు ఎవరైనా రాగానే పేరు, ఊరు, రెజిమెంటు అడిగేవాణ్ని. ఇప్పుడూ అడుగుతాను, కాని తరువాత. కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ముందు ఒకటే అడుగుతాను: "మీ ఇంట్లో మీతో మాటల్లేని పెద్దవాళ్లు ఎవరైనా బతికున్నారా?"

చాలామంది కిటికీ వైపో, తమ చేతుల వైపో చూసుకుంటారు. కొందరు, దానికీ దీనికీ ఏమిటండీ సంబంధం అంటారు. నేను తొందరపెట్టను. వాళ్లు ఒక పేరు చెప్పేదాకా కాగితం మీద కలం పెట్టను.